బావరి: ఉత్తరవయస్సులోని సాధన

నిజామాబాదుకు పడమట ఉన్న బోధన్ పట్టణం ఇరవయ్యవ శతాబ్దిలో చక్కెర కర్మాగారం వలన ప్రసిద్ధి చెందినది. ప్రాచీన అశ్మక జనపదానికి రాజధానియైన పోదన నగరం ఇదియేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆ జనపదంలో వార్ధక్యాన్ని గడిపిన బావరి వృత్తాంతం పాలి సుత్తనిపాతంలోని పారాయణవర్గంలో లభిస్తున్నది.

బావరి కోసలదేశీయుడు, వేదపారగుడైన బ్రాహ్మణుడు. అకించనత్వాన్ని కోరి దక్షిణాపథానికి వచ్చి, గోదావరీతీరంలో ఉంఛవృత్తితోను ఫలాలతోను జీవించాడు. గోదావరి నడుమనున్న బాదనకుర్తి ఆయన ఆశ్రమస్థానమని కొందరు పరిశోధకుల నిర్ణయం. సమీపగ్రామపు ఆదాయంతో మహాయజ్ఞం చేసి, ఉన్నదంతా దానం చేశాడు. అనంతరం వచ్చిన ఒక బ్రాహ్మణుడు 500 నాణెములు యాచించి, లేవనగా, ఏడవనాడు శిరస్సు ఏడు వ్రక్కలగునని శపించాడు. 120 ఏండ్ల ఆ వృద్ధుడు ఆహారం మాని శోకించాడు. సర్వస్వం త్యజించిన వానిని సైతం ప్రాణభయం విడువలేదు.

శిరోభేదన రహస్యం బుద్ధునికి తెలియునని ఒక దేవత చెప్పగా, బావరి అజితుడు మొదలైన 16 మంది శిష్యులను ప్రతిష్ఠానం, ఉజ్జయిని, శ్రావస్తుల మీదుగా పంపాడు. అవిద్యయే శిరస్సనీ, శ్రద్ధాస్మృతిసమాధులతో కూడిన విద్యయే దానిని భేదించుననీ మగధలో బుద్ధుడు వారికి బోధించాడు. శిష్యులలో వృద్ధుడైన పింగియుడు తిరిగివచ్చి, విన్నదంతా గురువునకు వినిపించాడు. జీవితమంతా మంత్రోపదేశం చేసిన ఆచార్యుడు అంత్యవయస్సులో శిష్యుని ముందు శ్రోతయైనాడు. అప్పుడాయన అనాగామి ఫలాన్ని పొందినట్లు అట్ఠకథ తెలుపుతున్నది. దానయజ్ఞాలు తీర్చలేని భయాన్ని ఆ జిజ్ఞాస తీర్చినది.