యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) ప్రసిద్ధ భారతీయ వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన పరిశోధకుడు. ఈయన నాయకత్వంలో తయారైన అమినోప్టెరిన్ అనే ఔషధం రక్తకాన్సరుతో బాధపడే పిల్లలకు మొదటిసారిగా కొంతకాలమైనా ఉపశమనం కలిగించింది. మంచం పట్టిన పిల్లలు కొందరు లేచి మళ్ళీ ఆడుకోగలిగారు.

బాల్యం, విద్య

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. ఈ పట్టణం గుడివాడ నుండి వెళ్ళే రైలుమార్గంపై ఉంది. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నప్పుడు ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులు ఇద్దరు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించడం ఈయనను పరిశోధన వైపు మళ్ళించింది.

అమెరికాలో పరిశోధనలు

1922లో బోస్టన్ చేరిన సుబ్బారావు మళ్ళీ స్వదేశానికి రాలేదు. ఈయన వెళ్ళిన తరువాత భార్య శేషగిరికి పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నాడు (1925). 1930లో పి.హెచ్.డి. పొందాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఈయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ వ్యాధికి కూడా మందయింది. కృష్ణా, గోదావరి డెల్టా ప్రజలకు చిరపరిచితమైన బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా ఈ బృందం కృషి ఫలితమే.

పిల్లల రక్తకాన్సరు

ఫోలిక్ ఆమ్లం రక్తకాన్సరును ఎక్కువ చేస్తున్నదని బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించాడు. దానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. 1948లో ప్రచురించిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. అయితే వ్యాధి తిరగబెట్టింది. ఆ సంవత్సరమే సుబ్బారావు మరణించాడు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ ఈ చికిత్సలో ముఖ్యమైన మందు.

చికిత్సలో ఆట స్థానం

ఈ చికిత్స రెండు, మూడు సంవత్సరాలు సాగుతుంది. వెన్నులోకి సూదిమందు కూడా ఎక్కించవలసి ఉంటుంది. బ్రతికే అవకాశం పెరిగిన కొద్దీ, బాల్యంలో ఇంత భాగం ఆసుపత్రిలో ఎలా గడవాలనే ప్రశ్న తలెత్తింది. పిల్లల మనసును, కుటుంబాన్ని కూడా చూడాలని ఫార్బర్ భావించాడు. 1952లో ప్రారంభమైన ఆయన చికిత్సాలయంలో బొమ్మలకు, ఆటలకు చోటు కల్పించారు.

బొమ్మకు సూదివేసి ఆడుకునే పిల్లవానికి తనకు జరగబోయేది అర్థమై భయం కొంత తగ్గుతుంది. నోటితో చెప్పలేని బాధ ఆటలో బయటపడుతుంది. తెల్లరక్తకణాలు తగ్గినప్పుడు కడిగి శుభ్రపరచగల ఆటవస్తువులు మేలు. రక్తం గడ్డకట్టే శక్తి తగ్గినప్పుడు పరుగులు మాని, వామనగుంటలు, అష్టాచెమ్మా వంటి కూర్చుని ఆడే ఆటలు ఆడించవచ్చు. ఆట మందుకు బదులు కాదు. మందు పనిచేసేంత వరకు పిల్లవానిని పిల్లవానిగా నిలిపేది ఆట.

గుర్తింపు

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఈయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు.