హెన్రీ ఫోర్డు - రెండు కారులు

అమెరికా దేశమున, మిచిగన్ రాష్ట్రమందలి డియర్‌బర్న్ సమీపమున 1863వ సంవత్సరము జూలై 30వ తేదీన హెన్రీ ఫోర్డు ఒక రైతు కుటుంబములో జన్మించెను. అతనికి పొలముపనిపై మనసు లేదు, యంత్రములన్నచో ప్రాణము. పదునారేండ్ల ప్రాయమున డెట్రాయిట్ నగరము చేరి పని నేర్చెను. తరువాత ఎడిసన్ విద్యుత్సంస్థలో ప్రధాన ఇంజనీరయ్యెను. 1896లో ఇంటి వెనుక కొట్టములో సైకిలు చక్రములపై నడచు బండి నొకదానిని నిర్మించెను. తీరా చూడగా అది తలుపున పట్టలేదు! గొడ్డలితో గోడ పగులగొట్టి దానిని వీధిలోనికి తెచ్చెను.

1903లో సొంత సంస్థ నెలకొల్పి, 1908లో 'టి' మోడలు కారును వెలువరించెను. దాని శక్తి 20 అశ్వములు మాత్రమే. కాని నేలకు ఎత్తుగా నుండి బురదబాటలను దాటెడిది. రాజుపాలెము వంటి పల్నాటి యూళ్ళలో వానకాలమున నల్లరేగడిలో బండి దిగబడుట చూచినవారికి ఆ ఎత్తు విలువ తెలియును. మొదటి రోజులలో ముందున్న కడ్డీని చేతితో త్రిప్పినగాని అది కదలెడిది కాదు. పెట్రోలు తొట్టి ఆసనము క్రింద నుండుటచే, పెట్రోలు తగ్గినపుడు నిటారు మిట్టలపై ఇంజనుకు అందెడిది కాదు. అప్పుడు జనులు కారును వెనుకకు త్రిప్పి, వెనుకనడకతోనే మిట్ట నెక్కించెడివారు!

1913లో ఫోర్డు కదలెడు వరుసపై కారులను కూర్చు పద్ధతి ప్రవేశపెట్టెను. చట్రము కూర్చుటకు పండ్రెండున్నర గంటలు పట్టెడి పని గంటన్నరకు దిగెను. 850 డాలర్ల కారు క్రమముగా 300 డాలర్ల లోపునకు వచ్చి, రైతులకును అందెను. 1914లో కూలి దినమునకు 5 డాలర్లు చేసెను.

కాలము మారెను. బాటలు బాగుపడెను, జనులు సుఖమును, అందమును కోరిరి. షెవ్రొలే కారులు ముందునకు వచ్చెను. కొత్త మోడలు కావలెనని కుమారుడు ఎడ్సెల్ ఎంత చెప్పినను తండ్రి వినలేదు. ఆ మాటయే వ్రాసి యిచ్చిన ఒక ఉన్నతోద్యోగి కొలువు పోయినది. తుదకు 1927 మే 26న కోటి యేబది లక్షలవ 'టి' కారును తండ్రి కొడుకు లిద్దరును కలసి బయటకు నడపిరి. దానితో ఆ మోడలు ముగిసెను. నూతన నమూనా సిద్ధముగా లేనందున నెలల తరబడి పని ఆగి, వేలాది కార్మికులు వీధిన పడిరి. ముందుచూపు లేని పట్టుదలకు మూల్యము చెల్లించినది వారే.

డిసెంబరు 2న 'ఏ' మోడలు వెలువడెను. దానికి 40 అశ్వశక్తి, నాలుగు చక్రములకును బ్రేకులు, పగిలినను ముక్కలు చిమ్మని ముందుటద్దము. దాని సొగసు ఎడ్సెల్‌ది. నడుపువానికి 'ఏ' మోడలే మేలు. అయినను లోకమును మార్చినది మొరటుదైన 'టి' కారే. 'ఏ' మోడలు నాలుగేండ్లకే ముగిసెను.

ఫోర్డు తన పత్రికలో యూదులపై ద్వేషపు వ్రాతలు అచ్చువేయించెను. ఇది అతని జీవితమున చెరగని మచ్చ. కార్మిక సంఘమును 1941 వరకు అంగీకరింపలేదు. 1943లో, అదే మే 26న, ఎడ్సెల్ తండ్రికంటె ముందు కన్నుమూసెను. వృద్ధుడైన ఫోర్డు మరల సంస్థ భారము వహించి, 1945లో మనుమని కప్పగించెను.

1947 ఏప్రిల్ 7వ తేదీన రూజ్ నది పొంగి అతని ఇంట విద్యుత్తు ఆగిపోయెను. ఆ రాత్రి కిరసనాయిలు దీపము, క్రొవ్వొత్తుల వెలుగున ఫోర్డు తుదిశ్వాస విడిచెను.