స్టూడియో మిద్దె మీద నిలబడిన కుర్రవాడు – ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్

2025 సెప్టెంబర్ 7 ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం చూడటానికి మేమంతా హాస్టల్ మిద్దె ఎక్కాం. కొందరు మిత్రులు రాలేదు. గ్రహణం చూడొద్దు, కదలకుండా పడుకో అని వాళ్ల ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. పదకొండు గంటలకు చంద్రుడు పూర్తిగా భూమి నీడలోకి వెళ్లి, తోమని రాగి చెంబు రంగుకు మారాడు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. తెల్లారి చూసుకుంటే గ్రహణానికి ముందు తీసిన ఫోటోల్లో చంద్రుడు తెల్లటి బిళ్ళలా ఉన్నాడు, గ్రహణంలో తీసినవాటిలో ఎర్రటి మరకలా ఉన్నాడు. ఒక్కటి కూడా బాగా రాలేదు.

ఎందుకు రాలేదో లైబ్రరీలో వెతుకుతుంటే మాకు ఒక మనిషి కథ దొరికింది. మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి ప్రతి ఏడూ రాస్తున్నాం, ఇకముందూ రాస్తాం. ఈసారి వారితో పాటు ఈ పరాయి దేశపు మనిషిని కూడా మన హాస్టల్ సోదరులకు పరిచయం చేయాలనిపించింది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ 1857 డిసెంబర్ 16న అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, నాష్‌విల్ పట్టణంలో జన్మించారు. ఆయన పుట్టకముందే తండ్రి చనిపోయారు. తల్లి ఎలిజబెత్ మైనంతో పూలు చేసి అమ్ముతూ ఇద్దరు మగపిల్లలను సాకారు. ఎడ్వర్డ్‌కు నాలుగేళ్లు దాటేసరికి అంతర్యుద్ధంలో సైన్యం ఆ ఊరిని పట్టుకుంది. తిండికి కటకట. నదిలో మునిగిన పడవలోంచి సైనికుల గట్టి బిస్కెట్ల పెట్టెలను ఈదుకుంటూ వెళ్లి తెచ్చుకుని తిన్నారు. యుద్ధం అయ్యాక 1866లో ఊరికి కలరా వచ్చింది, ఆయనకూ సోకింది, చావు దాకా వెళ్లి బతికారు. బడికి వెళ్లింది మొత్తం రెండు నెలలు. ఆ నాలుగు అక్షరాలూ నేర్పింది తల్లే.

తొమ్మిదేళ్లు నిండకముందే తల్లి ఆయనను ఊళ్లో ఒక ఫోటో స్టూడియోలో పనికి పెట్టారు. ఆ పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. అప్పటికి కరెంటు దీపాలు లేవు. చిన్న ఫోటోను పెద్దది చేయాలంటే ఎండ వెలుగే గతి. అందుకోసం స్టూడియో మిద్దె మీద ఒక పెద్ద కెమెరా యంత్రం ఉండేది. దానికి వాళ్లు జూపిటర్ అని పేరు పెట్టుకున్నారు. సూర్యుడు కదులుతూ ఉంటాడు కాబట్టి యంత్రం కూడా సూర్యుడి వెంటే తిరగాలి. చక్రాలను చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ, వెలుగు పక్కకు పోకుండా గంటల తరబడి కాపలా కాయడమే ఆ పిల్లవాడి ఉద్యోగం. ముందు పెట్టుకున్న కుర్రవాళ్లు ఎండకు నిద్రపోయేవారట. ఈయన నిద్రపోలేదు. ఆ స్టూడియోలోనే సుమారు పదిహేడేళ్లు పనిచేసి, ప్లేట్లు కడగడం, రసాయనాలు కలపడం, లెన్సు సరిచూడటం అన్నీ నేర్చుకున్నారు.

ఒక పరిచయస్తుడు రెండు డాలర్లు అప్పు తీసుకుని, దానికి హామీగా ఒక పాత పుస్తకం వదిలి వెళ్లాడు. అది ఆకాశం గురించి థామస్ డిక్ రాసిన పుస్తకం. అప్పు తిరిగి రాలేదు గానీ బర్నార్డ్ జీవితం ఆ పుస్తకంతో మలుపు తిరిగింది. ఇన్నాళ్లుగా తాను చూస్తున్న చుక్కలకు పేర్లున్నాయని అందులో తెలిసింది. 1876లో 380 డాలర్లు పెట్టి అయిదు అంగుళాల టెలిస్కోప్ కొన్నారు. ఆయన ఏడాది సంపాదనలో అది మూడింట రెండు వంతులు. ఇంట్లో తల్లి జబ్బు మనిషి. అలాంటి ఇంట్లో ఆ డబ్బు తీసి అద్దాల గొట్టం కొనడం ఎంత ధైర్యమో, ఎంత మొండితనమో, మన ఇళ్లలో స్కాలర్‌షిప్ డబ్బు మొదట ఎక్కడికి పోతుందో తెలిసిన మనకు బాగా అర్థమవుతుంది.

మరుసటి ఏడు, 1877 ఆగస్టులో, అమెరికా శాస్త్రవేత్తల మహాసభ నాష్‌విల్‌లోనే జరిగింది. సభాధ్యక్షులు సైమన్ న్యూకూంబ్, ఆనాటి గొప్ప ఖగోళ గణిత పండితులు. పందొమ్మిదేళ్ల బర్నార్డ్ ఆయన దగ్గరకు వెళ్లి, చిన్న టెలిస్కోప్ ఉంది, దానితో నావంటివాడు ఏం చేయగలడని అడిగారు. గణితం రాకుండా ఈ శాస్త్రంలో చేసేదేమీ లేదని, పోనీ తోకచుక్కలు వెతుక్కోవచ్చని న్యూకూంబ్ చెప్పారు. బర్నార్డ్ బయటికి వచ్చి, ఆ భవనం స్తంభం చాటున నిలబడి ఏడ్చారు.

ఈ చోటుకు వచ్చాక మేము పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లం. పీజీలో చేరిన మొదటి నెలలో క్లాసులో నిలబెట్టి, నీకు బేసిక్స్ లేవు, ఇక్కడికి ఎలా వచ్చావని అనిపించుకున్నవాళ్లం. మాకూ అలాంటి స్తంభాలున్నాయి. న్యూకూంబ్‌ను మేము తిట్టుకోవడం లేదు. ఆయన చెప్పిన దానిలో అబద్ధం లేదు. కాకపోతే ఆ గణితం నేర్చుకోవడానికి కావలసిన బడి, తీరిక ఎక్కడి నుంచి వస్తాయో ఆయన చెప్పలేదు.

బర్నార్డ్ రెండు పనులూ చేశారు. తన జీతంతోనే మాస్టారిని పెట్టుకుని గణితం మొదలుపెట్టారు. రాత్రులు తోకచుక్కలు వెతికారు. 1881లో రోడా కాల్వర్ట్‌ను వివాహం చేసుకున్నారు. ఆమె అన్నదమ్ములు కూడా ఆ స్టూడియో పనివాళ్లే. అదే ఏడు తోకచుక్క దొరికింది. మందుల వ్యాపారి వార్నర్ ఒకాయన, అమెరికాలో కొత్త తోకచుక్క కనిపెట్టినవారికి 200 డాలర్ల బహుమతి ఇస్తుండేవారు. ఆ డబ్బుతో స్థలం మీద చిన్న ఇల్లు మొదలుపెట్టారు, మిగిలింది అప్పు. వాయిదా గడువు దగ్గరపడేసరికి ఇంకో తోకచుక్క దొరికేదట. ఆ ఇంటిని తోకచుక్కల ఇల్లు అని పిలుచుకున్నారు. మన దగ్గర ఇందిరమ్మ ఇళ్లు ఉన్నట్టు అది ఆకాశం మంజూరు చేసిన ఇల్లు అని మాలో ఒకరు నవ్వించారు.

1883లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఆయనకు ఫెలోషిప్ ఇచ్చింది. అక్కడి చిన్న అబ్జర్వేటరీ చూసుకోవాలి, క్లాసులకు వెళ్లి చదువుకోవాలి. ఇరవై అయిదేళ్ల పెళ్లయిన మనిషి, తనకంటే చిన్న పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. బర్నార్డ్ పేదవారే గానీ తెల్లవారు. ఆయనకు ఆలస్యంగానైనా తెరుచుకున్న ఆ తలుపు, అదే ఊళ్లో పుట్టిన నల్లజాతి బిడ్డకు తెరుచుకోలేదు. ఆ విశ్వవిద్యాలయం మొదటి నల్లజాతి విద్యార్థిని చేర్చుకున్నది 1953లో. పేదరికం ఒక్కటే అయితే ఒక తీరు, దానికి పుట్టుక కూడా తోడైతే ఇంకో తీరు అని మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

1887లో ఉన్న ఉద్యోగం వదిలేసి, కాలిఫోర్నియాలో కొత్తగా కడుతున్న లిక్ అబ్జర్వేటరీకి బయలుదేరారు. తీరా వెళ్తే అక్కడ పని ఇంకా మొదలుకాలేదు. కొన్ని నెలలు శాన్‌ఫ్రాన్సిస్కోలో రాతకోతల గుమాస్తాగా గడిపి, 1888లో హామిల్టన్ కొండ మీద ఉద్యోగంలో చేరారు. అక్కడ 36 అంగుళాల టెలిస్కోప్ ఉంది, లెన్సు టెలిస్కోపుల్లో ఆనాడు ప్రపంచంలోకెల్లా పెద్దది. కానీ డైరెక్టర్ హోల్డెన్ దాన్ని ఆయన చేతికి ఇవ్వలేదు. నాలుగేళ్లు అంతే.

ఆయన చేతికి వచ్చింది విల్లార్డ్ లెన్సు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫోటోగ్రాఫర్ స్టూడియోలో మనుషుల ఫోటోలు తీయడానికి వాడిన సెకండ్‌హ్యాండ్ లెన్సు అది, వెడల్పు ఆరు అంగుళాలు. పెద్ద పండితులకు అది పనికిరాని సామాను. స్టూడియోలో పెరిగిన బర్నార్డ్‌కు దాని గుణం తెలుసు. అలాంటి లెన్సులో వెలుతురు ఎక్కువ పడుతుంది, ఆకాశంలో పెద్ద భాగం ఒకేసారి పడుతుంది. 1889 నుంచి దానితో పాలపుంతను ఫోటోలు తీశారు. ఒక్కో ప్లేటుకు గంటల తరబడి ఎక్స్‌పోజరు. పక్కన బిగించిన టెలిస్కోప్‌లో ఒక చుక్కను కంటితో పట్టుకుని, అది తీగ గుర్తు దాటకుండా చేత్తో సరిచేస్తూ ఉండాలి. చిన్ననాడు మిద్దె మీద సూర్యుడి వెంట యంత్రాన్ని తిప్పిన పనే ఇది. పగలు పోయి రాత్రి వచ్చింది, అంతే. 1892 అక్టోబర్ 12న ఆ లెన్సుతో తీసిన ప్లేటు మీద ఒక తోకచుక్క గీత కనిపించింది. ఫోటో ద్వారా కనిపెట్టిన మొట్టమొదటి తోకచుక్క అదే.

అంతకు నెల ముందే ఇంకో ఘనకార్యం జరిగింది. ఎట్టకేలకు వారానికి ఒక రాత్రి, శుక్రవారం, పెద్ద టెలిస్కోప్ ఆయన వంతుకు వచ్చింది. 1892 సెప్టెంబర్ 9 శుక్రవారం రాత్రి బృహస్పతి పక్కన చిన్న చుక్క చూశారు. బృహస్పతికి అది అయిదో చందమామ. మొదటి నాలుగింటిని 1610లో గెలీలియో చూశారు. మధ్యలో 282 ఏళ్లు ఎవరికీ దొరకలేదు.

ఇక మన చంద్రుడి సంగతి. పౌర్ణమి నాటి చంద్రుడు రాత్రి పూట కనిపించినా, నిజానికి ఎండలో ఉన్న రాయి. పగలు బండను ఫోటో తీసినంత తక్కువ ఎక్స్‌పోజరు చాలు. మన ఫోన్ చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి, చీకటి అనుకుని వెలుతురు ఎక్కువ లాగుతుంది. అందుకే తెల్లటి బిళ్ళ. సంపూర్ణ గ్రహణంలో అదే చంద్రుడి వెలుగు వేల రెట్లు పడిపోతుంది. భూమి గాలిపొరలో వంగి వచ్చిన ఎర్రటి వెలుగు మాత్రమే మిగులుతుంది. దానికి ఒక సెకను, అంతకు మించి ఎక్స్‌పోజరు కావాలి. అంతసేపు చెయ్యి నిలవదు, చంద్రుడూ నిలవడు. అందుకే ఎర్రటి మరక.

బర్నార్డ్ ఈ చీకటినే పనికి వాడుకున్నారు. మన చంద్రుడి చుట్టూ తిరిగే పిల్ల చంద్రుడు ఏదైనా ఉందా అన్నది అప్పట్లో ఒక ప్రశ్న. మామూలు పౌర్ణమిలో చంద్రుడి కాంతికి ప్లేటు తెల్లబోతుంది, పక్కనున్న సన్నటి చుక్క పడదు. గ్రహణం పట్టిన ఆ గంట సేపు మాత్రం చంద్రుడి పక్కనే సన్నటి చుక్కలు కూడా పడతాయి. చంద్రుడు గంటకు దాదాపు తన వెడల్పంత దూరం చుక్కల మధ్య జరుగుతాడు కాబట్టి, చంద్రుడితో పాటు నడిచేది ఏదైనా ఉంటే మిగతా చుక్కలకు భిన్నంగా పడి దొరికిపోతుంది. 1888 గ్రహణంలో హార్వర్డ్ వారు ఇలా వెతికారు. 1895 సెప్టెంబర్ 3 రాత్రి గ్రహణంలో బర్నార్డ్ తన విల్లార్డ్ లెన్సును చంద్రుడి వైపు తిప్పారు.

ఏమీ దొరకలేదు. ప్లేట్లన్నీ భూతద్దంతో వెతికి, పిల్ల చంద్రుడి జాడ లేదని ఆ ఏడాదే పత్రికలో ప్రకటించారు. అయిదో చందమామతో ప్రపంచ ఖ్యాతి వచ్చిన మనిషి, లేదు అన్న సంగతిని కూడా అంతే శ్రద్ధగా అచ్చు వేయించారు. మా ల్యాబ్ రికార్డుల్లో రీడింగు రాకపోతే పక్కవాడి రికార్డు చూసి వేసుకున్న రోజులు గుర్తొచ్చి మాకు కొంచెం సిగ్గేసింది.

ఆ శరత్కాలంలోనే లిక్ వదిలి షికాగో విశ్వవిద్యాలయం వారి యెర్కెస్ అబ్జర్వేటరీకి మారారు. చివరి దాకా అక్కడే. గడ్డకట్టే చలిలో కూడా డోము తెరిచి రాత్రంతా పనిచేసేవారు. ఆయన ఫోటోల్లో పాలపుంత మధ్య నల్లటి మచ్చలు కనిపించేవి. అవి ఆకాశంలో ఖాళీలని చాలా ఏళ్లు అనుకున్నారు. 1913లో ఒక రాత్రి పాలపుంతకు అడ్డంగా చిన్న చిన్న మబ్బు తునకలు వచ్చి అచ్చం ఆ మచ్చల్లాగే నల్లగా కనిపించాయి. ఖాళీలు కావు, వెలుగుకు అడ్డుపడే ధూళి మేఘాలు కావచ్చునని ఆయన మనసు అటు మొగ్గింది. 1919లో 182 మచ్చల జాబితా వేశారు. ఇప్పుడు అందరూ ఒప్పుకున్న సంగతి అది. 1916లో అన్నిటికంటే వేగంగా ఆకాశంలో జరిగే నక్షత్రాన్ని గుర్తించారు. మనకు ఆరు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ నక్షత్రాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. దాని చుట్టూ నాలుగు చిన్న గ్రహాలు ఉన్నాయని 2025లో తేలింది.

పిల్లలు లేరు. 1921లో రోడా చనిపోయారు. మధుమేహంతో బాధపడుతూ ఆయన 1923 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. పాలపుంత ఫోటోల పెద్ద పుస్తకం అప్పటికి పూర్తికాలేదు. అందులో పెట్టే ప్రింట్లను వేలకొద్దీ ఒక్కొక్కటిగా తానే సరిచూశారు. స్టూడియో పనివాడి కన్ను ఇంకెవరినీ నమ్మలేదు. రోడా మేనకోడలు మేరీ కాల్వర్ట్, అబ్జర్వేటరీ డైరెక్టర్ ఫ్రాస్ట్ కలిసి దాన్ని 1927లో బయటికి తెచ్చారు.

చంద్రుడి మీద ఒక గుంటకు బర్నార్డ్ పేరు పెట్టారు. అది వంద కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు ఉన్నా, చంద్రుడి అంచున ఉంది కాబట్టి మామూలుగా సరిగ్గా కనిపించదు.

మన ప్రాంతంలో మొదటి నుంచి చివరి దాకా చూడగలిగే సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి ఉంది. పదిన్నరకు కాస్త ముందు చంద్రుడు నీడ మధ్యలో ఉంటాడు. అప్పటికి మేము ఈ హాస్టల్లో ఉండం. అప్పుడు ఉండే తమ్ముళ్లకు చెప్పేది ఇది. ఫోన్‌ను చేత్తో పట్టుకోకండి, రెండు ఇటుకల మధ్య ఆనించి టైమర్ పెట్టండి. గ్రహణానికి ముందు వెలుతురు బాగా తగ్గించండి, ఎర్రబడ్డాక పెంచండి. ఆ రాత్రి కొత్త సంవత్సరం కేకుల హడావిడిలో మిద్దె తలుపుకు తాళం వేస్తారు. తాళం చెవి వార్డెన్ సార్‌ను వారం ముందే అడిగి పెట్టుకోండి.