గణపతిదేవ చక్రవర్తి: మోటుపల్లి సుంకనీతి

కాకతీయ ప్రభువులలో ఆరు దశాబ్దాలకు పైగా రాజ్యమేలినవాడు గణపతిదేవుడు. యుద్ధవిజేతగా, దేవాలయపోషకుడుగా ఆయన కీర్తి సుప్రసిద్ధం. సముద్రవర్తకుల సరకుపై రాజు ఎంత సుంకం గ్రహించవచ్చు, ఆ సుంకం దేశానికి ఉపకరిస్తుందా అపకరిస్తుందా అన్న ప్రశ్నకు ఆయన చూపిన మార్గం ఆ విజయాల కంటె తక్కువది కాదు.

గణపతిదేవుడు మహాదేవరాజుకు, బయ్యమాంబకు జన్మించినాడు. దేవగిరి యాదవులతో జరిగిన పోరులో తండ్రి మరణించగా కుమారుడు శత్రువులకు బందీయైనాడు. ఆ సంకటకాలంలో సేనాపతి రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని నిలిపినాడు. యాదవరాజు జైతుగి విడిచిపెట్టగా గణపతిదేవుడు క్రీ.శ. 1199 ప్రాంతంలో సింహాసనమెక్కినాడు.

తరువాత ఆయన దృష్టి తూర్పుతీరం వైపు మరలింది. 1201 నాటికే బెజవాడలో ఆయన శాసనం వెలసింది. కృష్ణానది సముద్రంలో కలిసే చోటనున్న దివిసీమను జయించి, అక్కడి అయ్యవంశపు ప్రభువు పినచోడుని కుమార్తెలైన నారాంబ, పేరాంబలను వివాహమాడినాడు. వారి సోదరుడు జాయపను గజసాహిణిగా నియమించినాడు. నృత్తరత్నావళీకర్త ఆ జాయపయే. ఓరుగల్లు రాజ్యానికి ఈ విధంగా సముద్రద్వారం లభించింది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఆనాడు ప్రధానమైన రేవు.

ఆ తీరంలో ఒక దురాచారం ఉండేది. తుపానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన వాటినన్నిటిని పూర్వరాజులు బలాత్కారంగా అపహరించేవారు. గణపతిదేవుడు శా.శ. 1166 క్రోధి సంవత్సరంలో, అనగా క్రీ.శ. 1244-45లో, అభయశాసనం వేయించి ఆ ఆచారాన్ని రద్దుచేసినాడు. ధనాన్ని ప్రాణం కంటె అధికంగా ఎంచి సముద్రయానానికి సాహసించిన వర్తకులపై దయతోను, కీర్తిధర్మాల కొరకును, క్లృప్తశుల్కం తప్ప తక్కినదంతా విడిచిపెట్టినట్లు అందులో ప్రకటించినాడు. క్లృప్తశుల్కమంటే ముందుగా నిర్ణయించి తెలియజేసిన సుంకం. ఎగుమతి దిగుమతులు రెండింటికీ అది ముప్పదింట ఒక పాలు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు మొదలైన సరకులు అందులో పేర్కొనబడినవి.

ఈ పాలు ఎంత స్వల్పమో కౌటిలీయార్థశాస్త్రంతో పోల్చితే బోధపడుతుంది. అందులో దిగుమతికి సామాన్యసుంకం ఐదవ వంతు. చందనానికి, లోహాలకు పదవ వంతు గాని పదునైదవ వంతు గాని. ముప్పది మాడల రాగికి ఆ లెక్కన మూడో రెండో మాడలు చెల్లించవలసి ఉండగా మోటుపల్లిలో ఒక్క మాడ చాలును. సుంకాన్ని చెల్లించేవాడు వర్తకుడే అయినా దానిని ధరలో కలిపి కొనుగోలుదారు నుండి రాబట్టుకొంటాడు. రాగిపై భారం హెచ్చితే కంచరి పని ఖరీదవుతుంది. ఆ ఖరీదు చివరకు చెంబు కొన్న గృహస్థు నెత్తిన పడుతుంది. అనిశ్చితి అంతకంటె పెద్ద సుంకం. సరకు దక్కునో దక్కదో తెలియని వర్తకుడు ఆ భయానికి కూడా వెల కట్టి అమ్ముతాడు, లేదా మరొక రేవుకు పోతాడు. పగిలిన ఓడ కోశానికి ఒక్కమారే ధనమిస్తుంది; క్షేమంగా తిరిగిపోయిన ఓడ మరల వచ్చి మరల చెల్లిస్తుంది.

అయితే ఈ నీతికి ఒక పరిమితి ఉన్నది. రాకపోకలు రెండింటిపైనా ఒకే పాలు విధించిన సుంకం కోశానికి ఆదాయమే గాని స్వదేశీయ వృత్తులకు కవచం కాదు. పరదేశపు సరకు వల్ల స్థానిక శిల్పికి నష్టం కలిగితే ఏమి చేయాలన్న దానికి ఈ శాసనంలో సమాధానం లేదు. కౌటిల్యుడు ఆ వైపు కూడ చూచినాడు: దేశానికి పీడాకరమైన సరకును నిలిపివేయాలని, మహోపకారకమైన దానిని, దుర్లభమైన బీజాన్ని సుంకం లేకుండ రానివ్వాలని విధించినాడు. సుంకం మేలా కీడా అన్నది సరకును, పాలును, ఉద్దేశాన్ని బట్టి నిర్ణయించవలసిన విషయమని ఈ రెంటినీ కలిపి చదివితే స్పష్టమవుతుంది.

గణపతిదేవుని పాలన 1262 ప్రాంతంలో ముగిసింది. కుమార్తె రుద్రమదేవి రాజ్యభారం వహించింది. ఆ శతాబ్దం చివర మార్కోపోలో ముత్ఫిలి పేరుతో ఈ రాజ్యాన్ని వర్ణించి, ఇక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను కొనియాడినాడు. కాకతీయ రాజ్యం 1323లో అంతరించింది. అయినా 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చి, సంతానహీనుల ఆస్తిని రాజు గ్రహించే ఆపుత్రికాన్ని వదులుకొన్నాడు. వంశం మారినా అభయాన్ని పునరుద్ధరించవలసి రావడమే గణపతిదేవుని దూరదృష్టికి నిదర్శనం. తన అధికారానికి తానే మేర గీసికొన్న రాజు రేవును నిలిపినాడు.