ఎర్ల్ బి. ఫెల్ప్స్

ఎర్ల్ బెర్నార్డ్ ఫెల్ప్స్ (1876 - 1953) అమెరికాకు చెందిన రసాయన, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. మురుగునీరు కలిసిన నదిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఏ చోట ఎంత ఉంటుందో లెక్కగట్టే స్ట్రీటర్-ఫెల్ప్స్ సమీకరణం రూపకర్తలలో ఈయన ఒకడు.

విద్య, తొలి పరిశోధనలు

ఫెల్ప్స్ ఇల్లినాయ్ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్‌లో జన్మించాడు. 1899లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుండి రసాయన శాస్త్రంలో పట్టభద్రుడై, తరువాత అక్కడే బోధించాడు. మురుగునీటిలోని క్రిములను బ్లీచింగు పొడితో నశింపజేయటంపై ఈయన రచించిన నివేదిక 1909లో వెలువడింది. తాగునీటికి క్లోరిన్ కలపటంపై జెర్సీ సిటీ నగరానికి, నీటి సరఫరా సంస్థకు మధ్య నడిచిన వ్యాజ్యంలో మాత్రం నగరం పక్షాన సాక్ష్యమిచ్చాడు. 1910లో తీర్పు క్లోరిన్‌కు అనుకూలంగా వచ్చింది.

ఒహాయో నది, సమీకరణం

1913లో ఫెల్ప్స్ అమెరికా ప్రజారోగ్య సేవా విభాగపు పరిశోధనశాలలో రసాయన శాఖాధిపతి అయ్యాడు. ఒడ్డున ఉన్న పట్టణాల మురుగు కలిసే ఒహాయో నదిని ఆ విభాగం 1914లో పరిశీలించింది. ఆ వివరాల ఆధారంగా ఇంజనీరు హెచ్.డబ్ల్యు. స్ట్రీటర్‌తో కలిసి ఫెల్ప్స్ రూపొందించిన సమీకరణం 1925లో ప్రచురితమయింది.

నదిలో రెండు క్రియలు ఏకకాలంలో జరుగుతాయి. సేంద్రియ వ్యర్థాలను ఆహారంగా తీసుకొనే బాక్టీరియా ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది. ఈ వేగం మిగిలి ఉన్న వ్యర్థాల పరిమాణానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మరొకవైపు గాలిలోని ఆక్సిజన్ నీటిలో కరుగుతుంది. ఈ వేగం సంతృప్తస్థాయి కంటే ఉన్న లోటుకు అనులోమానుపాతంలో ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో కరిగేది సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కనుక, ఖర్చు కొద్దిగా పెరిగినా చేపలకు ముప్పే.

ఈ రెండింటినీ కలిపి గ్రాఫు గీస్తే చెంచా ఆకారపు వక్రరేఖ వస్తుంది. ఆక్సిజన్ అత్యల్పంగా ఉండేది మురుగు కలిసే చోట కాదు, అక్కడి నుండి కొంత దిగువన. అందువలన ఒక పట్టణపు మురుగు ఫలితాన్ని దిగువ ఊరు అనుభవించవలసి వస్తుంది. మురుగును ఎంతవరకు శుద్ధిచేసి వదలాలో ముందుగానే నిర్ణయించటానికి ఈ లెక్క వీలు కల్పించింది.

పరిమితులు

ఈ సమీకరణం ప్రవాహం నిలకడగా ఉంటుందని, వ్యర్థాలు ఒకే చోట కలుస్తాయని భావిస్తుంది. నాచు విడుదల చేసే ఆక్సిజన్‌ను, అడుగున పేరుకొన్న బురద వినియోగాన్ని లెక్కలోకి తీసుకోదు. తరువాతి నమూనాలు ఈ అంశాలను చేర్చినా, వాటికి పునాది ఇదే.

చివరి దశ

ఫెల్ప్స్ కొలంబియా విశ్వవిద్యాలయంలోను, తరువాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోను ఆచార్యుడిగా పనిచేశాడు. 1944లో ఈయన గ్రంథం స్ట్రీమ్ శానిటేషన్ వెలువడింది. 1953లో మరణించాడు.