జ్ఞాపకపు ఉంగరాలు: ఆన్ వాంగ్ జీవితకథ

1948 వసంతకాలంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు గణనశాలలో ఒక చైనా యువకుడు ఉద్యోగంలో చేరాడు. వయస్సు ఇరవై ఎనిమిది. గణనశాల అధిపతి హోవర్డ్ ఐకెన్ అతనికి అప్పగించిన పని ఒక్కటే: ఏ భాగమూ కదలకుండా సమాచారాన్ని అయస్కాంత రూపంలో నిలిపి, మళ్లీ చదవగలిగే ఉపాయం కనుగొనడం.

ఆ యువకుడే ఆన్ వాంగ్. 1920 ఫిబ్రవరి 7న షాంఘైలో జన్మించారు. తండ్రి ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, సంప్రదాయ వైద్యం కూడా తెలిసినవాడు. యుద్ధకాలం ఆ కుటుంబాన్ని చెల్లాచెదరు చేసింది. తల్లిదండ్రులూ ఒక అక్కా ఆ సంవత్సరాలలోనే కన్నుమూశారు. షాంఘైలో విద్యుత్ ఇంజనీరింగు చదివిన వాంగ్ గ్విలిన్ పట్టణంలో సైన్యానికి రేడియోలు తయారుచేస్తూ యుద్ధకాలం గడిపి, 1945లో అమెరికా చేరారు. ఇల్లు విడిచి పరభాషా ప్రాంతంలో బ్రతుకు కట్టుకోవడమంటే ఏమిటో సరిహద్దు పల్లెల వారికి వివరించనక్కరలేదు. మూడేళ్లలో ఆయన హార్వర్డ్ డాక్టరేటు పొందారు.

ఆనాటి కంప్యూటర్లకు లెక్క కట్టడం కన్న గుర్తుంచుకోవడమే పెద్ద కష్టం. పాదరసం నింపిన గొట్టంలో శబ్దతరంగాలుగా అంకెలను తిప్పుతూ ఉండడం ఒక పద్ధతి. కావలసిన అంకె తన వంతు వచ్చేదాకా వేచి ఉండాలి. టెలివిజను తెర వంటి గాజుబుడ్డిపై విద్యుత్ చుక్కలుగా నిలపడం మరొకటి. చుక్కలు క్షణంలో మాసిపోతాయి గనుక మాటిమాటికీ తిరిగి వ్రాయాలి. అయస్కాంత పీపా కరెంటు పోయినా మరచిపోదు, కాని తిరిగి తిరిగి రావాలి. పాదరసం అంకెలను ఒకదాని వెనుక ఒకటిగా అందిస్తే, గాజుబుడ్డి ఒక్కసారిగా అందించగలదు. అందుచేత ఒకదాని కోసం కట్టిన యంత్రానికి మరొకదానిని తగిలించాలంటే చుట్టూ ఉన్న విద్యుత్ పథకమూ మార్చవలసినదే.

వాంగ్ చిన్న అయస్కాంత ఉంగరాలను ఎంచుకున్నారు. ఒకవైపు అయస్కాంతీకరిస్తే ఒకటి, రెండవవైపు అయితే సున్న. కాని చదవబోతే అందులోని గుర్తు చెరిగిపోతుంది. చాలాకాలం ఆయన చెరగకుండా చదవడమెలా అని తలపట్టుకున్నారు. ఒకనాడు విశ్వవిద్యాలయ ఆవరణలో నడుస్తూ ఉండగా తోచినది చాలా తేలికైన సంగతి: చెరిగితే చెరగనీ, చదివిన వెంటనే మళ్లీ వ్రాస్తే సరి! గాదెలోని ధాన్యాన్ని కొలవాలంటే బయటికి తీయక తప్పదు. కొలిచాక తిరిగి పోస్తాము గదా.

1949 అక్టోబరులో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1951లో 600 డాలర్ల పొదుపు సొమ్ముతో బోస్టన్‌లో సొంత సంస్థ పెట్టి, ఉంగరం ఒక్కొక్కటి 4 డాలర్లకు అమ్మసాగారు. ఉంగరాలను వలవలె అల్లే పద్ధతి మాత్రం ఎం.ఐ.టి.లోని జే ఫారెస్టర్ బృందానిది. 1953లో అది వర్ల్‌విండ్ యంత్రంలో గాజుబుడ్డీల స్థానాన్ని ఆక్రమించింది. కీర్తి వాంగ్ ఒక్కరిదే అనడం న్యాయం కాదు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ నిర్మించిన టిఫ్రాక్ యంత్రానికి కూడా ఇటువంటి ఉంగరాలే జ్ఞాపకం.

1955లో పేటెంటు వచ్చింది. మరుసటి సంవత్సరం ఐ.బి.ఎం. సంస్థకు 5 లక్షల డాలర్లకు అమ్మివేశారు. ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు ప్రపంచపు కంప్యూటర్లలో వాడిన ఉంగరాల లెక్క చూస్తే అది స్వల్పమే. అయినా చిన్న సంస్థకు ఆ పెట్టుబడి ప్రాణం పోసింది. 1965లో లెక్కల యంత్రం, 1976లో తెరపై వ్రాతలు దిద్దే యంత్రం వెలువడ్డాయి. 1980 దశకం నడుమకు సుమారు 30 వేలమంది ఆయన వద్ద పనిచేశారు.

పతనం వేరే దారిన వచ్చింది. 1982లో వాంగ్ సంస్థ తెచ్చిన చిన్న కంప్యూటరులో ఇంటెల్ చిప్పు ఉన్నప్పటికీ, ఐ.బి.ఎం. యంత్రాలకు వ్రాసిన కార్యక్రమాలు అనేకం దానిపై నడవలేదు. కొనేవారు మాత్రం అన్నిటితో కలిసేదానినే కోరారు. యుక్తవయస్సులో జ్ఞాపకాల పొత్తు సమస్యను దగ్గరగా చూచిన మనిషి, ముదిమిలో యంత్రాల పొత్తును తక్కువగా అంచనా వేయడం విచారకరం. సంస్థ పగ్గాలు కుమారుడు ఫ్రెడ్‌కు అప్పగించారు; నష్టాలు పెరుగగా 1989లో తామే అతనిని తప్పించవలసి వచ్చింది. తండ్రికి అంతకన్న కఠినమైన పని ఏముంటుంది?

అప్పటికే క్యాన్సర్ ఆయనను పీడిస్తున్నది. 1990 మార్చి 24న, 70వ ఏట, బోస్టన్‌లో మరణించారు. సంస్థ 1992 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది.