శాస్త్రి గారి ఫియట్ కారు

దేశ ప్రధానమంత్రిగా ఉంటూ, సొంత కారు కోసం బ్యాంకులో అప్పు చేసిన నాయకుడు లాల్ బహదూర్ శాస్త్రి. ఆ అప్పు తీరకముందే ఆయన కన్నుమూశారు. మిగిలిన బాకీ భారం ఆయన సతీమణి లలితా దేవిపై పడింది.

శాస్త్రి 1904 అక్టోబరు 2న మొగల్‌సరాయ్‌లో జన్మించారు. రెండేళ్లయినా నిండకముందే తండ్రిని కోల్పోయి, తల్లి పుట్టింటివారి ఆదరణలో పెరిగారు. కాశీ విద్యాపీఠంలో శాస్త్రి పట్టా పొందాక, లాలా లజపతి రాయ్ స్థాపించిన లోక్ సేవక్ మండల్‌లో చేరారు. ఆ సంస్థ ఇచ్చే నెలకు 50 రూపాయల భృతిలోనే లలితా దేవి 10 రూపాయలు మిగులుస్తున్నారని తెలిసి, తన భృతిని తగ్గించమని ఆయన కోరిన ఉదంతం ప్రసిద్ధం.

రైల్వే మంత్రిగానూ ఆయన అదే నిష్ఠను పాటించారు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ వద్ద ఘోర రైలు ప్రమాదం జరిగినప్పుడు రాజీనామా సమర్పించారు. ప్రధాని నెహ్రూ దానిని అంగీకరించలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు వద్ద మరో దుర్ఘటన సంభవించడంతో నైతిక బాధ్యత వహించి పదవి నుంచి తప్పుకున్నారు.

1964 జూన్ 9న ప్రధానమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసే నాటికి ఆయన కుటుంబానికి సొంత కారు లేదు. ప్రభుత్వ వాహనాన్ని ఇంటి పనులకు వాడటం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. దాంతో కారు కొనాలన్న కోరిక ఇంట్లో మొదలైంది.

ఆ రోజుల్లో సామాన్యుడికి కారు కొనడం సులభం కాదు. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కొద్ది రకాలే దేశంలో తయారయ్యేవి. ఉత్పత్తి పరిమితం కావడంతో డబ్బున్నవారు సైతం పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి వేచి ఉండేవారు. వాటిలో ఫియట్ చిన్న కారు. బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కర్మాగారంలో తయారయ్యేది.

కుటుంబ సభ్యులు వెల్లడించిన వివరాల ప్రకారం ఫియట్ ధర సుమారు 12,000 రూపాయలు. శాస్త్రి ఖాతాలో ఉన్నది 7,000 రూపాయలు మాత్రమే. తక్కువపడిన 5,000 రూపాయల కోసం ఆయన పంజాబ్ నేషనల్ బ్యాంకుకు దరఖాస్తు చేశారు. రుణం అదే రోజు మంజూరైంది. సామాన్య ఖాతాదారులకు కూడా అంతే త్వరగా రుణం అందాలని ఆయన అభిలషించారని వారు చెబుతారు. అలా 1964 నమూనా ఫియట్ ఆ ఇంటికి చేరింది.

పాకిస్తాన్‌తో యుద్ధానంతరం 1966 జనవరి 10న తాష్కెంట్ ఒప్పందంపై శాస్త్రి సంతకం చేశారు. ఆ రాత్రి గడిచి 11వ తేదీ తెల్లవారకముందే అక్కడే మరణించారు. దేశం ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించింది. కారు అప్పు మాత్రం మిగిలే ఉంది. తనకు వచ్చే కుటుంబ పింఛను నుంచి లలితా దేవి దానిని పూర్తిగా చెల్లించారు.

ఆ కారు నేడు న్యూఢిల్లీలోని లాల్ బహదూర్ శాస్త్రి స్మారక భవనంలో భద్రంగా ఉంది. చూడటానికి అది సాధారణమైన చిన్న కారే. కానీ దాని ధరలో ప్రతి రూపాయినీ ఆ కుటుంబమే భరించింది.